చిలక రాల్చే పొడి

బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో దిగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రైల్వే క్వార్టర్లో గడిపి, రిటైరయ్యాక మంగ్లా వైపు చిన్న ఇల్లు కట్టుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అలాంటి ఒక ఇంట్లో మామగారికీ కోడలికీ జరిగిన వాదన ఇది. ఆయన గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. ఆమె ఛాతీ జబ్బుల వార్డులో నర్సు. ముందుగదిలో మూడు పక్షులున్నాయి. రెండు కాకటీల్ పిట్టలు, చాలా ఏళ్లుగా ఆ ఇంటిదైపోయిన ఒక రామచిలక. పక్షుల్ని పెంచడం గురించి మనలో మాట్లాడుకునేవాళ్లు ఉన్నారుగానీ, అవి గాల్లోకి వదిలే పొడి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను.

కోడలు: మావయ్యా, ఫ్యాను రెక్క మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. ఆదివారమే తుడిచాను. అప్పుడే తెల్లగా పేరుకుపోయింది. బాబు రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. పిట్టల్ని ఇంట్లోంచి తీసేద్దాం.

మామగారు: తెల్లగా కనబడిందల్లా పిట్టలదేనేటి? ఇది బిలాస్‌పూరమ్మా. కోర్బా బొగ్గు ర్యాకులు రాత్రనక పగలనక ఈ ఊరి మీంచే పోతాయి. అటు సీపత్‌లో ఎన్టీపీసీ పొగగొట్టాలు. నా సర్వీసులో సగం బొగ్గు ర్యాకు వెనక బ్రేక్‌వ్యాన్‌లోనే గడిచింది. దుమ్మంటే ఏటో నాకు నువ్వు చెప్పాలా?

కోడలు: బొగ్గుదుమ్ము నల్లగా, గరుగ్గా ఉంటుంది. కిటికీ చువ్వల మీదుంది అదే, కాదనను. టీవీ వెనకా, దేవుడి పటాల మీదా ఉన్నది వేరు. టాల్కం పౌడరులా మెత్తగా వేలికి అంటుకుంటోంది. కాకటీల్‌ని చేతిలోకి తీసుకుని వదిలాక మీ అరచేతిలో మిగిలేదీ అదే.

మామగారు: అది మురికి కాదు, దాని ఒంటికి రక్ష. కాకటీల్‌కీ, కాకటూకీ, ఆఫ్రికన్ గ్రే చిలకకీ పై ఈకల కింద పొడి ఈకలని ఉంటాయి. అవి పెరుగుతూనే ఉంటాయి, వాటి కొసలు చిట్లి పొడి అవుతుంది. మన గోళ్లలో ఉండే కెరటినే అది. పిట్ట దాన్ని ముక్కుతో ఒళ్లంతా పట్టించుకుంటుంది. ఈకలు తడవకుండా, శుభ్రంగా ఉండేది అందువల్లే. కాకటూ నల్ల ముక్కు మీద బూడిదరంగు పూత కనబడితే ఒళ్లు బాగున్నట్టు. పూత పోయి ముక్కు నిగనిగలాడిందంటే ఈకల వైరస్ జబ్బేమో అని చూపించుకోవాలి. పొడి రాలుతోందని కాదమ్మా, రాలడం మానేస్తే భయపడాలి.

కోడలు: పిట్టకి మంచిదైతే మనకీ మంచిదనేం లేదు కదా. మన రామచిలక అంత పొడి వదలదు, మకావ్‌లూ అమెజాన్ చిలకలూ కూడా అంతే. కాకటీల్ రెండూ వచ్చాకే ఇల్లు ఇలా అయింది. కొనేచోట అది ఎంత మచ్చికైనదో చెప్తారు, ఎంత బాగా ఈలేస్తుందో చెప్తారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా అని ఒక్కరైనా అడుగుతారా?

(ఈ ఒక్క ప్రశ్న అడిగి పిట్టను అమ్మితే సగం ఇళ్లలో ఈ గొడవ పుట్టేదే కాదు. పెంపుడు చిలకల్లో పొడి ఎక్కువగా వదిలేవి ముఖ్యంగా ఆయన చెప్పిన ఆ మూడే. పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా తేలికే.)

మామగారు: పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఊడుస్తున్నాను. ఇంకేం చెయ్యమంటావు?

కోడలు: ఊడవడం మానేయమంటాను. పొడిచీపురు పెట్టి, పైన ఫ్యాను తిరుగుతుండగా ఊడుస్తారు మీరు. కింద పడి ఉన్నదాన్ని మళ్లీ ముక్కుల దాకా లేపుతున్నారు. మీకు కనబడే ఈకలూ, గింజల పొట్టూ చేటలోకి వస్తాయి. కంటికి ఆననిది గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా దిగేది అదే. ఫ్యాను ఆపి తడిగుడ్డ వెయ్యాలి. పంజరం అడుగున న్యూస్‌పేపరు పరిచి, తీసేముందు దాని మీద నీళ్లు చిలకరించి, లోపలికి మడిచి తియ్యాలి. రోజూ. రెండు రోజులు ఒగ్గేస్తే రెట్ట ఎండి పొడైపోతుంది, అదీ ఈకల పొడిలాగే చెడ్డది.

మామగారు: తడిగుడ్డంటే మీరు వెంటనే ఫినాయిలు డబ్బా తీస్తారు. దాంతోనే నాకు పేచీ. పిట్ట ఊపిరి మనలాంటిది కాదు. తొమ్మిది గాలితిత్తులుంటాయి దానికి. లోపలికెళ్లిన గాలి ఊపిరితిత్తుల్లోంచి ఒకే దిక్కుగా సాగిపోతుంది, మనకన్నా ఎక్కువ ప్రాణవాయువు పీల్చుకుంటుంది. విషమున్నా అంతే జోరుగా పీల్చుకుంటుంది. ఫినాయిలూ, అగరొత్తులూ, కర్పూరం పొగా, దోమల కాయిలూ, గదికి కొట్టే సెంటూ, ఏదీ దానికి పడదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగకి నిమిషాల మీద పంజరంలో పిట్టలు చచ్చిపోతాయి. శుభ్రం చేస్తున్నామనుకుంటూ దాన్ని చంపకండి.

కోడలు: అది నేనూ ఒప్పుకుంటాను. ఉత్త నీళ్లు చాలు. జిడ్డున్నచోట కొంచెం సబ్బునీళ్లు, తర్వాత మళ్లీ మంచినీళ్లతో తుడవాలి. దేవుడి గూడు ముందుగదిలోంచి మార్చాల్సిన పని అసలు ఎప్పుడో ఉంది.

మామగారు: నీళ్లంటే గుర్తొచ్చింది. పొడి నేలకి రాలాక తుడుచుకోవడం కన్నా, పిట్ట ఒంటి మీద ఉండగానే తగ్గించడం నయం. దానికి స్నానమే దారి. పొద్దున్న ఎండ వచ్చాక సన్నటి తుంపర పడే స్ప్రే సీసాతో తల మీంచి వాన పడినట్టు చిలకరిస్తాను. మొహం మీదకి కొట్టకూడదు. రామచిలకకి స్టీలు పళ్లెంలో నీళ్లు పెడితే అదే దిగి రెక్కలు కొట్టుకుంటుంది. వారంలో మూడు నాలుగుసార్లు. సబ్బులు, షాంపూలు వద్దే వద్దు. సాయంత్రం పొయ్యకూడదు, చీకటి పడేలోగా ఈకలు ఆరాలి. డిసెంబరు, జనవరిలో ఇక్కడి చలికి గోరువెచ్చటి నీళ్లు, అదీ మధ్యాహ్నం. తడిసిన పొడి కిందికి కారిపోతుంది. గాల్లోకి లేవదు.

కోడలు: మరి ఈ వేసవిలో మీరు చిలకరించింది నేను చూడలేదే.

మామగారు: కూలరు ఉందిగా, గాలి చల్లగానే ఉంటుందని ఒగ్గేశాను. తిండి మాత్రం ఒగ్గలేదు. ఉత్త పొద్దుతిరుగుడు గింజలు పెట్టి పెంచితే ‘ఎ’ విటమిను చాలక చర్మం పొట్టు లేస్తుంది, ఈకలు పేలిపోతాయి. అందుకే గుమ్మడి ముక్క, క్యారెట్టు, ములగాకు పెడతాను. ములగాకు మన పెరట్లోనే ఉంది. పచ్చిమిరప చిలకకి ఇష్టం, దాని నోటికి కారం తెలీదు. ఈకలు మార్చుకునే నెలల్లో కొత్త ఈకల మీది తొడుగు చిట్లి తెల్లటి పొట్టు రాలుతుంది, అది కొన్నాళ్లే. ఆ కొన్నాళ్లు ఓర్చుకోవాలి.

(స్నానం గురించీ తిండి గురించీ ఆయన చెప్పిందాంట్లో దిద్దాల్సింది నాకేమీ కనబడలేదు. పక్షిని దగ్గరుండి చూసినవాడు చెప్పే మాటలవి. వాదనలో ఆయన బలమంతా ఇక్కడే ఉంది.)

కోడలు: కూలరు పేరెత్తారు కాబట్టి ఆగండి. మేలో నలభై అయిదు డిగ్రీల ఎండ. కిటికీకి డెజర్ట్ కూలరు. దాని ఎదురుగా పంజరం. పంజరం వెనక మీ మంచం. కూలరు గడ్డి నెలల తరబడి తడిగా ఉండి బూజు పడుతుంది. ఆ బూజూ, పిట్టల పొడీ కలిసి రాత్రంతా మీ మొహం మీదకే వీస్తున్నాయి. 2017లో మన దేశంలోని ఊపిరితిత్తుల డాక్టర్లు ఒక పెద్ద లెక్క బయటపెట్టారు. 19 నగరాల్లో 27 ఆస్పత్రులు, 1,084 మంది రోగులు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే రకరకాల జబ్బులున్న మనుషులు వాళ్లంతా. అందులో నూటికి 47 మందికి వచ్చింది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. గాలిలో పీల్చిన ఏదో ఒక పదార్థం మీద ఒళ్లు తిరగబడి ఊపిరితిత్తులు వాచడం. వాళ్లలో దాదాపు సగంమంది ఇళ్లలో కూలర్లున్నాయి. ఆ జబ్బు తెచ్చేవాటిలో పక్షుల ఈకలూ, రెట్టా మొదటి వరసలో ఉంటాయి.

మామగారు: అవి పావురాలమ్మా. పోయినేడు, 2025లో, ముంబయిలో కబూతర్‌ఖానాలు మూయించారు, పేపర్లో చదివాను. చిలకలకీ దానికీ ఏటి సంబంధం?

కోడలు: 1965లో అమెరికాలో ఆ జబ్బును పావురాలు పెంచేవాళ్లలో గుర్తించిన మాట నిజమే. తర్వాత బ్రిటన్‌లో చూస్తే, ఇళ్లలో పంజరాల్లో ఉండే బడ్జీ పిట్టల వల్లే ఎక్కువమందికి వచ్చింది. బడ్జీ చిలక జాతే. ఈకల మీది పొడిలో, ఎండిన రెట్టలో ఉండే పక్షి ప్రోటీన్లే దీనికి మూలం. మళ్లీ ఉబ్బసం వేరు, ఇది వేరు. ఉబ్బసంలో పిల్లికూతలొస్తాయి, గొట్టాలు బిగుసుకుంటాయి, ఇన్‌హేలరు పీలిస్తే తెరుచుకుంటాయి. బాబుది అదే అయ్యుండొచ్చు, అలర్జీ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఇది గొట్టాల దగ్గర ఆగదు, గాలి గదుల దాకా పోతుంది. పంజరం బాగా దులిపిన రోజున నాలుగైదు గంటలు గడిచాక చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం. రెండ్రోజుల్లో తగ్గిపోతే ఫ్లూ అనుకుంటాం. రెండోరకం ఇంకా చెడ్డది. రోజూ కొంచెం కొంచెం పీల్చేవాళ్లకి జ్వరం రాదు. పొడిదగ్గు ఉంటుంది, బరువు తగ్గుతుంది, మెట్లెక్కితే ఆయాసం. ఏళ్ల మీద ఊపిరితిత్తులు మచ్చలు కడతాయి. ఆ మచ్చలు మళ్లీ పోవు.

మామగారు: అయితే నాకు రావాలి కదా. నలభై ఏళ్లయి చిలకల మధ్యనే బతుకుతున్నాను.

కోడలు: అందుకే మావయ్యా నేను ఇంతసేపు మాట్లాడుతున్నది. బాబు దగ్గు అని మొదలుపెట్టాను, నిజానికి నా భయం మీ గురించే. మొన్న ఉస్లాపూర్ స్టేషన్ బ్రిడ్జి ఎక్కుతూ రెండుచోట్ల ఆగిపోయారు. పొద్దున్నే మీ దగ్గు నాకు వంటింట్లోకి వినబడుతుంది. వయసు అంటారు, బ్రేక్‌వ్యాన్ బొగ్గు అంటారు. కావచ్చు. మా వార్డుకి ఇలాగే వస్తారు. టీబీ ఏమో అని కఫం పరీక్షలు చేయించుకుని, ఉబ్బసం మందులు వాడి, ఏళ్లు పోగొట్టుకుని వస్తారు. ఇంట్లో పక్షులున్నాయా అని అడిగేదాకా వాళ్లు చెప్పరు. ఉన్నాయని చెప్పాలని వాళ్లకి తోచదు.

మామగారు: ...సరే, పరీక్షకి వస్తాను. ఏం చేస్తారు?

కోడలు: ఊపిరి ఊదించి చూస్తారు. ఛాతీకి సన్నటి ముక్కల సీటీ స్కాన్ తీస్తారు. పక్షి ప్రోటీన్ల మీద రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తారు. అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మూడూ కలిపి, మీరు చెప్పేది విని డాక్టరు తేలుస్తారు.

మామగారు: తేలేలోగా నా మాట ఒకటి విను. పిట్టల్ని వెనక వరండాలోకి మారుస్తాను. పిల్లులు రాకుండా సన్న జాలీ కొట్టిస్తాను, ఎండ పడకుండా చాప కడతాను. ముందుగదికి గాలి శుద్ధిచేసే మిషను కొందాం.

కోడలు: వరండా మంచిదే. మిషను కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. హెపా ఫిల్టరు ఉండాలి, 0.3 మైక్రాన్ల రేణువుల్లో నూటికి 99.97 పట్టేది. మన ముందుగది పన్నెండు అడుగుల చదరం, పది అడుగుల ఎత్తు. అంటే 1,440 ఘనపుటడుగులు, మీటర్లలో 41 దాకా. గంటకి అయిదుసార్లు గాలి మారాలంటే మిషను గంటకి 200 ఘనపు మీటర్ల పైన తోయాలి. పెట్టె మీద ఆ అంకె రాసి ఉంటుంది, అంతకన్నా తక్కువుంటే డబ్బు దండగ. ఓజోన్ వదిలేవి ఇంటికి తేవద్దు, అది మన ఊపిరికీ పిట్టల ఊపిరికీ చెరుపే. ముందు జల్లెడ ఈ పొడికి త్వరగా నిండిపోతుంది, రెండు వారాలకోసారైనా దులపకుండా కడగాలి. వ్యాక్యూమ్ క్లీనరుదీ అదే సంగతి. హెపా లేకపోతే ముందు పీల్చిన పొడినే వెనకనుంచి గదిలోకి ఊదేస్తుంది. అయితే మావయ్యా, ఇవన్నీ బాబుకి పనికొస్తాయి. మీకు ఆ జబ్బే ఉందని తేలితే ఏదీ చాలదు. ఎన్95 మాస్కు వేసుకున్నా చాలదు. పిట్టలు వేరే ఇంటికి పోవాలి. పోయాక కూడా గోడలకీ, పరుపులకీ, తెరలకీ పట్టిన ప్రోటీన్లు నెలల తరబడి ఉంటాయి. పద్ధెనిమిది నెలల తర్వాత కూడా దొరికిన ఇళ్లున్నాయి.

మామగారు: ఎక్కడికి పంపుతావు? దీపావళి రోజుల్లో ఈ ఊరి ఆడవాళ్లు బుట్టలో మట్టి చిలకని పెట్టి చుట్టూ తిరుగుతూ సువా పాటలు పాడతారు. నేను పుట్టి పెరిగిన ఊరు ఇది. ఇక్కడి చిలకని ఇంట్లోంచి తరిమెయ్యమంటావా?

కోడలు: చిలకని పంజరంలో పెట్టిన పాపానికే గోపన్న గోల్కొండలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని మీరే కదా బాబుకి చెప్తారు. రామదాసు కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు, పంజరాలు మాత్రం తగ్గలేదు. చట్టం కూడా అదే చెప్తోంది. రామచిలక 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో రెండో షెడ్యూలులో ఉంది. 2024 ఆగస్టులో ఇక్కడి అటవీశాఖ చిలకల్ని కానన్ పెండారి జూకి అప్పగించమన్నప్పుడు మీరు రెండు రాత్రులు నిద్రపోలేదు.

మామగారు: ఇళ్లలో పెరిగినవాటి జోలికి వెళ్లకుండా మళ్లీ వాళ్లే ఆపారు కదా.

కోడలు: ఆపారు. అమ్మడం, కొనడం నేరమన్నది మాత్రం అలాగే ఉంది. ఇకమీదట ఈ ఇంట్లోకి ఇంకో రామచిలక రాకూడదు. ఉన్నదాన్ని ఎగరెయ్యమని నేనెప్పుడూ అనలేదు. చేతిలో పెరిగిన చిలక బయట తిండి వెతుక్కోలేదు, డేగని చూసి దాక్కోలేదు. కాకటీల్ అయితే ఆస్ట్రేలియా పిట్ట, పంజరంలో పెరిగినది ఇక్కడ బయట బతకలేదు. అవసరమైతే రామచిలక గురించి అటవీశాఖ వాళ్లని అడుగుదాం. కాకటీల్ రెండింటినీ తెలిసిన మనిషికే ఇద్దాం, ఇంట్లో దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లెవరూ లేని చోట.

మామగారు: పరీక్షలో ఏమీ లేదని తేలితే?

కోడలు: తేలితే వరండాలోనే ఉంటాయి, పడగ్గదుల్లోకి రావు. వాటి దగ్గరికి వెళ్లడానికి వేరే చొక్కా. అది విప్పి చేతులు కడుక్కున్నాకే బాబుని ఎత్తుకోవాలి. ఏడాదికోసారి మళ్లీ ఊపిరి పరీక్ష.

మామగారు: వరండాకి ఒప్పుకున్నాను, పరీక్షకీ ఒప్పుకున్నాను. ఇచ్చెయ్యడానికి మాత్రం ఈ రోజు ఒప్పుకోను.

వాదన అక్కడే ఆగింది. నా తీర్పు అడిగితే, పిట్టల గురించి ఆయన చెప్పినవన్నీ నిజాలే, ఊపిరితిత్తుల గురించి ఆమె చెప్పినవన్నీ నిజాలే. రెండూ నిజమైనప్పుడు మనిషి ఊపిరినే ముందు చూసుకోవాలని నేను కోడలి పక్షం. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉంటే స్నానం, తడిగుడ్డ, వేరే చోటు, మంచి ఫిల్టరు సరిపోతాయి, పిట్టని పోగొట్టుకోనక్కర్లేదు. జబ్బు తేలిన ఇంట్లో మాత్రం ఎంత కడిగినా ఆ ఇంట్లో పిట్ట ఉండకూడదు. అది ప్రేమ తక్కువై చేసే పని కాదు.

చిలకలు, కాకటీల్‌లు, పావురాలు, ఏ పక్షులున్న ఇంట్లోనైనా నెల దాటిన పొడిదగ్గు ఉంటే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు ఆయన అడగకపోయినా మీరే చెప్పండి: మా ఇంట్లో పిట్టలున్నాయి, ఇన్నేళ్లుగా ఉన్నాయి, రోజూ వాటి గూడు నేనే శుభ్రం చేస్తాను.